గౌస్ భాయ్ గెలవాలి

సౌదీలోని హఫర్ అల్ బాతిన్ శివారులో ఒక మెయింటెనెన్స్ కంపెనీ క్యాంపు ఉంది. అందులో ఏసీ మెకానిక్ మల్లేశం. ఏసీల సంగతి అడిగితేనే చెప్పేవాడు గానీ, ఫోన్ల సంగతి అడగకపోయినా చెప్పేవాడు. అతని లెక్కలో, తక్కువ నెట్‌తోనే ఇంటికి వీడియో కాల్ కలిపే ఐఎంఓ పేదవాడి కడుపు తెలిసిన యాప్. వాట్సాప్‌లో స్టేటస్‌లు పెట్టేవాళ్లు పనిలేనివాళ్లు, పొద్దున్నే గులాబీ పువ్వు పంపేవాళ్లు అంతకన్నా పనిలేనివాళ్లు. ఫొటోలు ఎక్కువైతే ఫోన్ బరువెక్కుతుందని కూడా అతని గట్టి నమ్మకం. ఇక ఫోన్లో ఆడే లూడో విషయంలోనైతే క్యాంపు మొత్తానికీ తనే సుప్రీంకోర్టు.

అవి విదేశీ పనివాళ్ల మీద లెవీలు పెరిగిన రోజులు. మనిషికింత అని సర్కారుకు కట్టలేక కంపెనీలు మనుషుల్నే తగ్గించుకుంటున్నాయి. సౌదీవాళ్లకు ఇన్ని ఉద్యోగాలు ఇచ్చి తీరాలనే నితాఖత్ లెక్కలో తమ కంపెనీ ఎర్ర రంగులోకి జారిందనీ, కొందరికి మళ్లీ రాకుండా ఖురూజ్ వీసా కొట్టి ఇంటికి పంపేస్తారనీ గుసగుసలు మొదలయ్యాయి. ఎవరిని పంపాలో ఫోర్‌మన్ గౌస్ మొహిద్దీనే చెబుతాడని మల్లేశం గదిలో అందరి నమ్మకం. గౌస్‌ది హైదరాబాద్. కుటుంబం మీద కూడా లెవీ పడేసరికి భార్య మేరాజ్ బేగంనూ పిల్లల్నీ వెనక్కి పంపేసి, సాయంత్రాలు తోచక మల్లేశం గదికి లూడో ఆడటానికి వచ్చేవాడు.

అందుకని గదిలో ఒక కట్టుబాటు వచ్చింది. గౌస్ భాయ్ గెలవాలి. పాచికల ఆటలో కావాలని ఓడటం ఏమంత తేలిక కాదు. కొట్టే అవకాశం చేతికొచ్చినా తల గోక్కుంటూ వేరే కాయ జరపాలి. ఈ విద్యలో మల్లేశం ఆరితేరిపోయాడు. అనుమానం రాకుండా ఓడిన ప్రతిసారీ యాప్ మోసం చేస్తోందని తిట్టేవాడు కూడా. గౌస్ మాత్రం తాను పుట్టు ఆటగాడినని నమ్మడం మొదలుపెట్టాడు.

ఒక శుక్రవారం నమాజు తర్వాత గౌస్ వచ్చేసరికి, రోజూ ఆటలో ఉండే స్వామి డ్యూటీకి పోయాడు. ఊళ్లో ఉన్న భాబీని ఫోన్లోనే ఆటలో కలుపుకుందామని మల్లేశంతో అన్నాడు గౌస్. మల్లేశం బయటికొచ్చి భార్య భాగ్యలక్ష్మికి ఫోన్ చేసి, కట్టుబాటంతా విడమరిచి చెప్పాడు.

"ఆయన ఓడిండంటే నన్ను ఇంటికి పంపుతడు. సమజైందా?"

సమజైందంది ఆమె.

స్పీకర్ పెట్టుకుని ఆడటం మొదలుపెట్టారు. అంతా బాగానే సాగింది. గౌస్ చివరి కాయ పండటానికి మలుపు తిరగబోతుండగా, భాగ్యలక్ష్మి కాయ వచ్చి దాన్ని కొట్టింది. మల్లేశం హెచ్చరికగా దగ్గాడు. ఆ కాయ మళ్లీ బయలుదేరి అంత దూరమూ వస్తే మళ్లీ కొట్టింది. మల్లేశం ఊపిరాడనట్టు దగ్గాడు. భాగ్యలక్ష్మి తన కాయలన్నీ పండించుకుని గెలిచింది.

గౌస్ ముఖం మాడిపోయింది. తన భార్యకు ఆట రాదనీ, ఫోన్ పాతదనీ, ఒకటి నొక్కితే ఇంకొకటి పడుతుందనీ మల్లేశం గబగబా చెప్పుకొచ్చాడు.

"ఫోన్ మంచిగనే ఉన్నది. నేనే కొట్టిన," అంది భాగ్యలక్ష్మి స్పీకర్‌లోంచి. "ఆయన ఓడితే నిన్ను ఇంటికి పంపుతడని నువ్వే చెప్తివి గద."

మల్లేశానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గౌస్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, ఇన్నాళ్లూ తాను గెలిచిన ఆటలన్నీ గుర్తొచ్చి మనిషి చిన్నబోయాడు.

"లిస్టు నా చేతిల లేదు భాబీ. రియాద్ ఆఫీసుల తయారైతది. అండ్ల నా పేరు గూడ ఉండొచ్చు," అన్నాడు చివరికి.

మేరాజ్ కూడా తన కాయల్ని ఇలాగే కనికరం లేకుండా కొట్టేదని చెప్పాడు. ఆమె మీద బెంగ అతను దాచుకోలేదు. ఇక మీదట భయపడి ఓడేవాళ్లతో తనకు మాటల్లేవని చెప్పి కొత్త ఆట పెట్టాడు.

మల్లేశం ఆ ఆట ప్రాణం పెట్టి ఆడాడు. ఎప్పటికన్నా ఘోరంగా ఓడాడు. ఈసారి మాత్రం యాప్ నిజంగానే మోసం చేసిందని ఒట్టు పెట్టుకున్నాడు.

"ఇంటికొచ్చినంక గెలుద్దువు తియ్యి," అంది భాగ్యలక్ష్మి. "ముందుగాల నువ్వు రా."