గంజక్క సినిమా

ఆవిడకు పెట్టిన పేరు ఎవరి నోటా పలకలేదు. చిన్నా పెద్దా అందరికీ గంజక్కే. చర్చి బట్టలకు గంజి పెట్టేది కాబట్టి ఆ పేరొచ్చిందని కొందరనేవారు. మనిషే గంజి పెట్టి ఆరేసినట్టుంటుంది, ఎక్కడా వంగదు, అందుకొచ్చిందని మిగిలినవాళ్లు అనేవారు.

చర్చి వెనక రేకుల గదిలో ఆవిడ పని. బలిపీఠం మీద పరిచే గుడ్డలు, ఫాదర్ల అంగీలు, పాటల బృందం వేసుకునే తెల్ల గౌన్లు, అన్నీ ఆవిడ చేతుల్లోంచే ఉతుకూ గంజీ ఇస్త్రీ దాటి వెళ్లేవి. పెళ్లి చేసుకోలేదు. తమ్ముడి ఇంట్లో ముందు గది ఆవిడది. తమ్ముడు బస్సు కండక్టరు, రోజంతా ఊరిమీద అరిచి ఇంటికొచ్చాక అక్క ముందు పిల్లిలా ఉండేవాడు. మరదలైతే ఆవిడ ఇంట్లో ఉన్నంతసేపూ గిన్నె చప్పుడు కానిచ్చేది కాదు.

గంజక్క నోటికి జడవని వాళ్లు ఆ వీధిలో లేరు. పూజకు ఆలస్యంగా వచ్చినవాళ్లను గుమ్మంలోనే కడిగేసేది. నెత్తిన ముసుగు లేని ఆడపిల్ల కనబడితే, అందరూ వింటుండగా, "జుట్టు చూపించడానికొచ్చావా, దేవుణ్ణి చూడ్డానికొచ్చావా?" అని అడిగేది.

అంత ధైర్యం ఆవిడకు ఎక్కడిదంటే, సినిమా. ఇరవయ్యేళ్ల వయసులో గంజక్క ఒక సినిమాలో చేసింది. పాడుబడిన మఠంలో షూటింగు. కన్యాస్త్రీ వేషం వేసి మోకాళ్లమీద కూచోబెట్టారు. తల పైకెత్తగానే నిజంగానే పైనుంచి వెలుగు దిగిందనీ, ఆ వెలుగులో మరియమాత కనబడిందనీ, కళ్లవెంట నీళ్లు ధారగా కారిపోయాయనీ చెప్పేది. సినిమా మాత్రం హాలుకు రాలేదు. రీళ్లు కాలిపోయాయని ఎవరో అన్నారు. "ఈ లోకానికి అంత యోగ్యత లేదులే" అని తేల్చేసేది గంజక్క. ఆ కథ వినని మనిషి ఆ చర్చిలో లేడు. కళ్లారా దేవమాతను చూసిన మనిషితో వాదానికి దిగేదెవరు?

పాటల బృందంలో ముందు వరసలో పాడే పిల్ల ఒకతె ఉండేది. గొంతు బాగుంటుందని కోయిల అని పిలిచేవారు. ఒక వారం ఆ పిల్ల గౌను ఇస్త్రీ చేస్తుంటే నడుము దగ్గర కుట్లు విప్పి వదులు చేసినట్టు గంజక్క కంటపడింది. ఆ పిల్లను పిలిచి అడగలేదు. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, గౌను చేత్తో పట్టుకుని, తిన్నగా అప్పటి ఫాదర్ దగ్గరికి వెళ్లింది. ఆ ఆదివారానికి కోయిల స్థానంలో మరో పిల్ల పాడింది. కోయిల తల్లి కూతుర్ని జుట్టు పట్టుకుని మెట్లమీద నుంచి తోసింది. కడుపు పోయింది. ఆ మాట ఎవరో రేకుల గదిలోకి మోసుకొస్తే, గంజక్క తడిగుడ్డ పిండుతూ, "దేవుడే ఉతికేశాడు" అంది.

ఆ మాట కోయిల దాకా చేరింది. అలాంటి మాటలకు కాళ్లెక్కువ.

ఏళ్లు గడిచాయి. కోయిల మళ్లీ పాడలేదు. వీధి చివర సినిమా డిస్కుల షాపు పెట్టుకుని తన బతుకు తాను బతుకుతోంది. కొత్త సరుకు వచ్చిన ఒకనాడు అట్టపెట్టె విప్పుతుంటే ఒక డిస్కు మీద బొమ్మ చూసి ఆగిపోయింది. కన్యాస్త్రీ ముసుగులో పడుచు మొహం, చెంపమీద కన్నీటి చుక్క. ఆ గడ్డం, ఆ ముక్కు ఎవరివో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. కాలిపోయిందనుకున్న సినిమా ఏదో గోదాములో దొరికితే, ఒక కంపెనీ శుభ్రం చేయించి డిస్కుగా విడుదల చేసింది.

కోయిల షాపు తలుపు దగ్గరికి వేసి సినిమా మొత్తం చూసింది. మర్నాడు డిస్కు పట్టుకుని గంజక్క ఇంటికి వెళ్లింది.

"అక్కా, మీ సినిమా వచ్చింది."

గంజక్క ఆ పిల్లతో మాట్లాడి ఎన్నేళ్లయిందో. అయినా చెయ్యి చాచింది. అట్ట వెనక సన్నటి అక్షరాలతో ఏదో రాసి ఉంది గానీ కళ్లజోడు లోపల ఉంది. తన మొహం తాను చూసుకుంది, అది చాలు.

"నేనే! ఒసేయ్, ఇలా రా, చూడు, నేనే!" అని మరదల్ని పిలిచింది. తర్వాత కోయిల వైపు తిరిగి, "నువ్వు చూశావా?" అని అడిగింది.

"మీకంటే ముందు నేనెలా చూస్తానక్కా? అందర్నీ పిలిచి చూపించండి. ఫాదర్‌గారిని కూడా పిలవండి. ఇన్నాళ్లకు కదా మీ మాట నిజమైంది."

"నా మాట ఎప్పుడు అబద్ధమైందే?" అంది గంజక్క. అని, తన కుర్చీ ఆమె వైపు జరిపింది. అదే క్షమాపణ అనుకుందో, బహుమానం అనుకుందో.

ఆదివారం పూజ అయ్యాక తమ్ముడి ఇల్లు కిటకిటలాడిపోయింది. కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్‌ను సోఫాలో కూచోబెట్టారు. ఆయన పక్కన గంజక్క, ఒంటిమీద ఇస్త్రీ మడత నలగని బట్టలతో. గుమ్మానికి ఆనుకుని కోయిల.

సినిమా మొదలైంది. తలా తోకా లేని సినిమా, పీడకలలాగా. పాపసంకీర్తనం చెప్పుకునే పెట్టెలో పొట్టేలు కూచుని ఉంది. బయట కన్యాస్త్రీలు దానికి తమ పాపాలు చెబుతుంటే అది కాగితాలు నములుతోంది. బిషప్ ఒకాయన బీరువా ఎక్కి కూచుని నోట్లోంచి గజాల కొద్దీ రిబ్బను లాగుతున్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఫాదర్ గొంతు సవరించుకున్నాడు.

"ముందు ఇలాగే ఉంటుంది. పాపాత్ముల్ని చూపించాలిగా. ఇప్పుడొస్తాను నేను," అంది గంజక్క.

వచ్చింది. తెరనిండా ఇరవయ్యేళ్ల మొహం, పైకి చూస్తూ, పెదాలు వణుకుతూ. నిజమైన ఏడుపు. ఆ మొహం పైకెత్తి చూస్తున్నది దేన్నో అప్పుడు చూపించారు. సింహాసనంలా చెక్కిన మరుగుదొడ్డి మీద, అంగీ మోకాళ్లపైకి ఎత్తుకుని, పేపరు చదువుకుంటున్నాడు బిషప్. మళ్లీ ఆ మొహం, మళ్లీ కన్నీళ్లు. ఒక కుర్రాడు వెండి గిన్నె పట్టుకొచ్చి ఆ కన్నీళ్లు గడ్డం కింద పట్టి, బిషప్ చేతికిచ్చాడు. బిషప్ వాటిని నోట్లో పోసుకుని, గుడగుడా పుక్కిలించి, ఉమ్మాడు.

నవ్వు మొదట వెనకనుంచి లేచింది. ఆవిడ ముసుగు లేదని తిట్టిన ఆడపిల్లలు, గుమ్మంలో కడిగేసిన మగవాళ్లు, పొట్ట పట్టుకుని నవ్వారు. "ఇదేనా అక్కా వెలుగు?" అని ఎవరో అరిచారు. మళ్లీ గొల్లున నవ్వారు. ఫాదర్ లేచి నిలబడ్డాడు, కోపంగా మొహం పెట్టడానికి చూశాడు గానీ పెదవి ఆగలేదు. నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి నడిచాడు.

గంజక్క పక్కకు తిరిగింది. తమ్ముడు నవ్వుతున్నాడు. ఇన్నేళ్లూ లోపల అణిచిపెట్టుకున్నదంతా ఒక్కసారే బయటపడ్డట్టు, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

టీవీ ఆపాలని ఎవరికీ తోచలేదు. దాంతో సినిమా అయిపోయి, దాని వెనకే పండు ముసలి డైరెక్టరు తెరమీదికొచ్చి ముచ్చట్లు చెప్పాడు. "ఆ అమ్మాయికి నటన రాదు. అమ్మ ఉందా అని అడిగాను. ఈమధ్యే పోయింది అంది. అయితే అమ్మను తలుచుకో అన్నాను. పంపు తిప్పినట్టు కారాయి. ఎందుకు ఏడిపిస్తున్నామో ఆ పిచ్చిదానికి తెలీదు," అని ఆయన కూడా నవ్వాడు. అప్పటికి గదిలో ఆ మాటలు చెవిన పెట్టేవాళ్లెవరూ లేరు. బిషప్‌లా గుడగుడమనే పోటీ నడుస్తోంది.

మర్నాడు పొద్దున గంజక్క షాపుకు వెళ్లింది.

"నువ్వు ముందే చూశావు కదూ?"

"చూశాను."

"ఒక్క మాట నా చెవిన వెయ్యాల్సింది."

కోయిల డిస్కులు సర్దుతూ తలెత్తలేదు. "ఫాదర్ దగ్గరికి వెళ్లేముందు మీరు నన్నొక్క మాట అడిగారా? పక్కకు జరగండి, బేరం వచ్చింది."

షాపు అద్దాల బీరువాలో గంజక్క పడుచు మొహం వరసగా పేర్చి ఉంది. బాగా అమ్ముడుపోతోంది.

ఆ వారంలోనే ఫాదర్ కబురు పంపాడు, కొన్నాళ్లు విశ్రాంతి తీసుకోమని. రేకుల గది తాళం వేరే ఆవిడకు ఇచ్చారు. అయినా గంజక్క పూజ మానలేదు. ముందు బెంచీలోనే కూచునేది. ప్రార్థన మధ్యలో వెనకనుంచి ఎవడో మెల్లగా గుడగుడమనేవాడు. బెంచీలన్నీ కదిలేవి. ఆవిడ వెనక్కి తిరిగేది కాదు. చివరికి తమ్ముడే అన్నాడు, "బస్సులో టికెట్టు కొట్టనివ్వడం లేదక్కా, గుడగుడ అంటున్నారు. నువ్వు ఎక్కడికైనా వెళ్తే బావుంటుంది."

వెళ్లింది. దూరంగా ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికే పనిలో కుదిరింది. నేలకింద గది, ఆవిరి, యంత్రాల హోరు. అక్కడ ఆవిడ ఎవరో ఎవరికీ తెలియదు, ఎవర్నీ ఏమీ అనేదీ కాదు.

చాలా రోజులకు మరదలు చూడ్డానికొచ్చింది. ఇద్దరూ హోటల్ వెనక మెట్లమీద కూచున్నారు.

"ఆ ఫాదర్ బదిలీ అయి వెళ్లిపోయారు వదినా. జనం కూడా మర్చిపోయారు. వచ్చెయ్యండి."

గంజక్క నీళ్లకు నాని తెల్లబడ్డ వేళ్లు చూసుకుంటూ, "నేను ఏడ్చింది మా అమ్మ కోసం. ఆరోజు నువ్వైనా వాళ్లకా మాట చెప్పి ఉండొచ్చు," అంది.

"నాకేం తెలుసు వదినా? మీరెప్పుడూ మరియమాత అనే చెప్పారుగా."

గంజక్క ఏదో అనబోయింది. ఈలోగా మరదలి బస్సు వచ్చింది. ఆమె సంచీ సర్దుకుని, వెళ్లొస్తానని చెప్పి, పరిగెత్తింది. గంజక్క లేచి కిందికి దిగింది. యంత్రం ఆగి ఉంది, దుప్పట్లు తీయాలి.