మావయ్య వేసుకున్న కోటు

మావయ్య అలాస్కాలో చేపల పడవ నడుపుతున్నాడని చెప్పింది నేనే. ఆ పడవలోకి రోజూ ఒక ఎలుగుబంటి ఎక్కి కూర్చుంటుందనీ, ఆవకాయ కలిపిన పెరుగన్నం పెడితే తప్ప దిగదనీ కూడా చెప్పాను. పిన్ని తోటకూర తుంచుతూ అంతా విని, "ఎలుగుబంటి సంగతి సరేనే, వాడు కోటు వేసుకున్నాడా?" అంది.

"వేసుకోకేం పిన్నీ! ఆ కోటు చూసి ఎలుగుబంటే అడుగుతోంది, కాసేపు ఇవ్వమని."

"ఇవ్వొద్దని చెప్పు. వాడికి చిన్నప్పట్నించీ ఉబ్బసం."

ఇది మా ఆదివారాల తంతు. అమెరికాలో షామ్‌బర్గ్ అనే ఊళ్ళో పిన్ని కూతురింట్లో ఉంటుంది, నేను రెండు వీధుల అవతల. ఆదివారం కూరలు బాగుచేసే వేళకి నేను వెళ్ళి కూర్చోగానే, "ఈ వారం మీ మావయ్య ఎక్కడున్నాడే?" అని తనే మొదలెట్టేది.

మా అమ్మకీ పిన్నికీ ఒక్కగానొక్క తమ్ముడు మావయ్య. నాకంటే చాలా ముందే ఇక్కడికి వచ్చాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు టపటపా ఊడిపోయిన రోజుల్లో ఈ ఊళ్ళోనే ప్రాజెక్టు లేక బెంచి మీద ఉండేవాడు. ఒకరోజు కాకినాడలో ఉన్న పిన్నికి ఫోన్ చేసి, దేశానికి అవతలి కొసన శాంటా క్లారాలో ప్రాజెక్టు దొరికింది, డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళిపోతున్నానన్నాడు. అదే ఆఖరి ఫోను. స్నేహితులు శాంటా క్లారా అంతా వెతికారు. పెద్దవాడు, తనంతట తను వెళ్ళాడు, మేమేం చేస్తామన్నారు పోలీసులు. వీసా అయిపోయి ఎక్కడో పేరు మార్చుకుని బతుకుతున్నాడని మావాళ్ళన్నారు. నేను ఆ మాట పట్టుకుని మావయ్యని ఊళ్ళు తిప్పాను. టెక్సస్‌లో ఆవులకి తెలుగు నేర్పించాను. హవాయిలో కొబ్బరిచెట్టు మీంచి దిగడం మర్చిపోయి రెండు పండగలు పైనే చేసుకున్నాడన్నాను. అవన్నీ అబద్ధాలని పిన్నికి తెలుసు. కాని ఆ అబద్ధాల్లో మావయ్య అన్నం తింటాడు, నిద్రపోతాడు, నవ్వుతాడు. పిన్నికి అది చాలు. చివర్లో మాత్రం కోటు సంగతి కనుక్కుంటుంది.

నా నోటి దురదే ఇంకో పని కూడా చేసింది. మచిలీపట్నం రేవులో దిగిన ఒక డచ్చి ఓడదొంగ మా వంశానికి మూలపురుషుడని ఆఫీసులో చాలాకాలంగా చెప్పుకుంటున్నాను. నిరూపించమని ఒకళ్ళు డీఎన్ఏ కిట్ కొని నా టేబుల్ మీద పెట్టారు. గొట్టంలో ఉమ్మి పంపాను. ఫలితాల్లో ఓడదొంగ చుక్క కూడా లేడు. అంత తేలిగ్గా వదులుకోవడం ఇష్టంలేక, ఆ ఫలితాలు తీసుకెళ్ళి చుట్టాల్ని వెతికిపెట్టే మరో సైటులో పెట్టాను. ఊరూపేరూ తెలియకుండా చనిపోయినవాళ్ళ కోసం పోలీసులు నీ వివరాలు చూడొచ్చా అని ఆ సైటు అడిగింది. చూసుకోమని టిక్కు పెట్టి ఆ సంగతే మర్చిపోయాను.

కొన్నాళ్ళకి ఒకావిడ ఫోన్ చేసింది. రిటైరైన స్కూల్ టీచరట. పేరు తెలియని శవాలకి పేర్లు వెతికే పనిలో ఇక్కడి కౌంటీ పోలీసులకి, అంటే జిల్లా పోలీసులకి, ఊరికే సాయం చేస్తుందట. చాలా ఏళ్ళ క్రితం హైవే పక్క చెట్లలో ఒక మగమనిషి ఎముకలు దొరికాయి. ఎవరో తెలియక కౌంటీవాళ్ళే పూడ్చిపెట్టారు. దాచి ఉంచిన ఎముక ముక్కలోంచి ఇప్పుడు డీఎన్ఏ తీయగలిగారు. దాంతో అందరికంటే దగ్గరగా కలిసింది నాది.

"మా మేనమామ ఒకాయన కనిపించకుండా పోయాడు. ఆయనా?" అన్నాను.

"కాదమ్మా, అదీ చూశాను. మేనమామకి ఇంత కలవదు. సొంత అన్నదమ్ముడికి కాస్త తక్కువ, అంతే. మీ నాన్నగారికి గాని, అమ్మగారికి గాని ఇంకో కొడుకు ఉండేవాడా?"

మావయ్య కాదు! ఫోన్ పెట్టేశాక ఒక్కదాన్నీ గట్టిగా నవ్వాను. ఎవరో చనిపోయారన్న సంగతి ఆ నిమిషానికి గుర్తులేదు. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు కాబట్టి మా ఇంటి చుట్టరికాలు చెప్పగలిగింది పిన్ని ఒక్కతే. దొరికిన ఎముకలు మావయ్యవి కావనీ, నాకు ఇంచుమించు తోడబుట్టినవాడివనీ చెప్పి, ఆదివారం ఆ టీచరుతో పిన్నికి వీడియో కాల్ పెట్టించాను.

"పిన్నీ, నాన్నకి ఇంకో కొడుకున్నాడట. అమెరికాలో తేలాడు."

"ఛీ, మీ నాన్నకి అంత సీన్ లేదే! సొంత మేనకోడల్ని చేసుకోడానికే ఏళ్ళ తరబడి సిగ్గుపడ్డాడు." ఒళ్ళో చిక్కుడుకాయల పళ్ళెం పెట్టుకుని ఫోన్‌లోకి వంగింది. "చెప్పవే ఆవిడకి. మీ నాన్న మా అమ్మకి తమ్ముడు. మా అక్క తన మేనమామనే చేసుకుంది."

నేను ఇంగ్లీషులో చెప్పాను. టీచరు కళ్ళజోడు తీసేసింది. "ఒక్క నిమిషం. మీ అమ్మమ్మ, మీ నాన్నకి అక్కా?"

"అవును. నాకు అమ్మమ్మా ఆవిడే, మేనత్తా ఆవిడే."

"అది... లీగలేనా?"

ఆ మాట పిన్నికి అర్థమైంది. "కాదంటే మా ఊరు సగం జైల్లో ఉండాలని చెప్పు!" అని పకపకా నవ్వింది. మా నాన్న పరువు నిలబెట్టే ఉత్సాహంలో చిక్కుడుకాయలు తీసి బల్ల మీద పేర్చడం మొదలెట్టింది. "ఇదిగో, ఇది మా అమ్మ. పక్కనిది అమ్మ తమ్ముడు, మీ నాన్న. అమ్మ కిందది మా అక్క. అక్కనీ మీ నాన్ననీ కలిపితే ఇదిగో, నువ్వు. నీకు తల్లివైపూ మేమే, తండ్రివైపూ మేమే. మా అమ్మ కడుపున పుట్టినవాళ్ళు ఎవరైనా నీకు రెండు వైపులా చుట్టం. మామూలుగా మేనమామంటే ఒకవైపే. నీకలా కాదు. మేనమామా వాడే, మేనత్త కొడుకూ వాడే. అందుకని నీకు మేనమామ అంటే ఇంచుమించు తోడబుట్టిన..."

చేతిలో చిక్కుడుకాయ బల్ల దాకా రాలేదు.

"ఏమన్నారావిడ?" అని టీచరు అడిగింది. నాకు ఇంగ్లీషు రాలేదు.

"మా అమ్మకి మగపిల్లాడు ఒక్కడేనే," అంది పిన్ని.

టీచరు బల్ల మీది చిక్కుడుకాయల్నే కాసేపు చూసింది. తర్వాత పెన్సిలు పట్టుకుని ఏవో లెక్కలు వేసుకుంది. పెన్సిలు కింద పెట్టి, "ఐ యామ్ సో సారీ" అంది. దానికి అనువాదం అక్కర్లేకపోయింది.

అది మావయ్యేనని ఖాయం కావాలంటే పిన్ని ఉమ్మి కావాలి. గొట్టం వచ్చింది. పిన్ని దాన్ని చూడనైనా లేదు.

"ఉమ్మను పొమ్మను. ఉమ్మకపోతే వాడు అలాస్కాలోనే ఉంటాడు కదే?"

ఉంటాడన్నాను. కొన్ని ఆదివారాలు గొట్టం ఫ్రిజ్ మీద అలాగే ఉంది. మావయ్య ఎక్కడున్నాడని పిన్ని అడగలేదు, నేను చెప్పలేదు. ఊరికే కూరలు తరుక్కున్నాం. ఒకరోజు తనే, "తీసుకురావే. పేరు లేకుండా పడున్నాడు అక్కడ. మనవాడు కాకపోతే ఇంకెవరివాడో వెతుక్కుంటారు," అంది.

తీరా గొట్టం నోటిదగ్గర పెట్టుకుంటే ఉమ్మి రాలేదు. నాలిక అట్టలా ఎండిపోయింది. మంచినీళ్ళు తాగకూడదు, ఏమీ తినకూడదు.

"ఏదో ఒకటి చెప్పవే, నోరూరేది," అంది పిన్ని.

చెప్పాను. ఎర్రటి ఎండ. పక్కింటి చెట్టుమీంచి మావయ్య దొంగతనంగా కోసుకొచ్చిన పచ్చిమామిడికాయ. గట్టుకేసి కొడితే పగిలి, టెంకలోపలి జీడి తెల్లగా కనిపిస్తోంది. ఉప్పూకారం కలిపి, ముక్క ముంచి, ముందు చిన్నక్కకి పెట్టాడు. పళ్ళు జివ్వుమన్నాయి. పిన్ని నోట్లో నీళ్ళూరాయి, కళ్ళలోనూ ఊరాయి. కళ్ళ నీళ్ళు గొట్టంలో పడకుండా నేను పైటకొంగుతో తుడుస్తూ ఉన్నాను. గీత దాకా నిండింది.

ఫలితం వచ్చింది. మావయ్యే.

శాంటా క్లారాకి ఆయన బయల్దేరనే లేదు. నేను ఆయన్ని ఆదివారం ఆదివారం దేశమంతా తిప్పుతున్నప్పుడు, ఆయన మేం గుడికి వెళ్ళే హైవే పక్కనే ఉన్నాడు. ఆ చెట్ల ముందు నుంచి పిన్నిని ఎక్కించుకుని ఎన్నిసార్లు వెళ్ళానో. రోడ్డు మీద పులిహోర పొట్లం విప్పుకునేవాళ్ళం.

కౌంటీ శ్మశానానికి చలికాలంలో వెళ్ళాం. పేరు ఉండాల్సిన చోట నంబరున్న చిన్న రాయి. కేసు చూస్తున్న ఆఫీసరు టోపీ తీసి నిలబడ్డాడు. కుర్రవాడు, చెవులు చలికి ఎర్రబడ్డాయి. ఎలా పోయాడో తేల్చి చెప్పలేమనీ, దెబ్బల గుర్తులు మాత్రం లేవనీ, చలికాలంలోనే జరిగి ఉండొచ్చనీ మెల్లగా చెప్పాడు. ఏమైనా అడగాలా అన్నాడు. పిన్ని నావైపు తిరిగింది.

"కోటు వేసుకున్నాడేమో అడగవే."

అడిగాను. అతను, "లైట్ జాకెట్, మేడమ్. జిప్ పాడైపోయింది," అన్నాడు.

జాకెట్టూ, జిప్పూ. మనవణ్ణి స్కూల్‌కి పంపేటప్పుడు పిన్ని రోజూ ఇంగ్లీషులో అనే మాటలే అవి.

"ఏమంటాడే?" అంది.

"ఉందంటున్నాడు పిన్నీ. మందపాటి ఉన్నికోటు."

"గుండీలు?"

"మెడదాకా పెట్టుకున్నాడు."

పిన్ని వంగి ఆ రాయి మీది మంచు చేత్తో తుడిచింది. తుడిచినచోట మళ్ళీ తుడిచింది.

"ఎలుగుబంటికి ఇవ్వలేదుగా?"

"అడిగింది పిన్నీ. ఇవ్వలేదు."