పదిహేడో నంబరు బస్సు వెనక

బస్సు డిపోలో అతన్ని అందరూ సైలెన్సర్ మేస్త్రీ అంటారు. నోట్లోంచి మాట బయటికి రానివ్వడని ఆ పేరు. దేవుడు అతనికి మాటలు తక్కువిచ్చినా చేతులు మంచివిచ్చాడు. మధ్యాహ్నం డబ్బా మూత తీస్తే, షెడ్డు ఊడ్చే ముసలాయనకు పెట్టిగాని తాను తినడు.

అలాంటివాడికీ ఒక పాపం అలవాటైంది. విడిభాగాలు రాక బండి నల్లగా పొగ కక్కుతుంటే, కిరసనాయిలు గుడ్డతో పొగగొట్టం మూతి లోపలిదాకా తుడిచి పంపేసేవాడు. తనిఖీ ఆఫీసరు తెల్లగుడ్డ ఒత్తి చూసేది ఆ మూతినే. గుడ్డకు మసి అంటకపోతే బండి రోడ్డెక్కినట్టే. చీమిడి ముక్కు తుడిచి పిల్లాణ్ణి పెళ్లికి తీసుకెళ్లినట్టుందని షిఫ్టు ఇన్‌చార్జి నవ్వేవాడు. మేస్త్రీ కూడా నలుగురితో నారాయణ అనుకుని ఊరుకునేవాడు.

భార్య ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పని చేసేది. పదకొండేళ్లుగా సైకిలు మీదే రాకపోకలు. కాలు విరిగి మంచం మీదున్న ఒక టీచరమ్మకు దారిలో పాల ప్యాకెట్ అందించి వెళ్లేది. సైకిలెక్కితే మోకాళ్ల నొప్పులు కూడా తనను వెంబడించలేవని నవ్వేది.

ఒక సాయంత్రం ఆమె ముక్కుకు కట్టుకునే తెల్లగుడ్డను బకెట్లో జాడిస్తోంది. అతను పక్క బకెట్లో చేతులు కడుక్కుంటున్నాడు. రెండు బకెట్లలోనూ నీళ్లు ఒకటే నలుపు. దగ్గు తెరలు తెరలుగా వచ్చి ఆమె గోడ పట్టుకుంది.

"రేపట్నుంచి సైకిలు మానేస్తానండీ," అంది. "లోపలి సందుల్లోంచి నడిచిపోతా. మెయిన్ రోడ్డు మీద ఆ పదిహేడో నంబరు వెనక పడ్డానంటే ఊపిరాడట్లేదు."

అతని చేతులు నీళ్లలోనే ఆగిపోయాయి. పొద్దున ఆ బస్సు మూతి తుడిచింది తనే.

"అది మీ డిపో బండి కాదులెండి," అందామె మళ్లీ. "మీ చేతికిందికొచ్చింది అట్లా ఎందుకుంటుంది? ఆ బండి చూసేవాడికి ఇంట్లో ఏం కష్టమో పాపం, పని మీద మనసు నిలవట్లేదేమో. రోజూ వాడికోసం కూడా దణ్ణం పెట్టుకుంటున్నా."

తిట్టినా ఓర్చుకునేవాడే. ఆ దణ్ణమే ఓర్చుకోలేకపోయాడు.

మర్నాడు ఆమె నిజంగానే నడిచి వెళ్లింది. గోడకు ఆనించిన సైకిలు వైపు చూడకుండా అతను డిపోకు పోయి, పదిహేడో నంబరు కదలడానికి వీల్లేదన్నాడు. "స్టాపులో జనం నిన్నే తిడతారు మేస్త్రీ," అన్నాడు ఇన్‌చార్జి. అతను మూలపడిన పాత బండి భాగాలు ఊడదీసి, మధ్యాహ్నానికల్లా ఆ బస్సును బాగుచేశాడు. ఈలోగా ఎంతమంది పనులకు ఆలస్యమయ్యారో అన్న బెంగ ఇంకో పక్క.

సాయంత్రం చెప్పేశాడు. కిరసనాయిలు గుడ్డ సంగతితో సహా, తల వంచుకుని.

ఆమె మెల్లగా అడిగింది. "అయితే ఇన్నాళ్లూ నేను దణ్ణం పెట్టుకుంది మీకోసమేనా?"

అతను తలూపాడు.

"ఆ ఒక్క బండేనా?"

"ఇంకా నాలుగున్నాయి."

"వాటి వెనకా నాలాంటివాళ్లు ఉంటారుగా." ఆ గొంతులో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ బాధనిపించింది. "అవీ బాగయ్యాక సైకిలెక్కే సంగతి చూద్దాం లెండి."

అప్పట్నుంచి అతను తెల్లవారగానే సైకిలు టైర్లకు గాలి కొడుతున్నాడు. ఆమె బయల్దేరేముందు బొటనవేలితో టైరు ఒత్తి చూస్తుంది. అయినా నడిచే వెళ్లిపోతుంది. నడకలో ఆలస్యమవుతుందని పాల ప్యాకెట్ ఇచ్చే పని అతను తీసుకున్నాడు.

మొదటిరోజు టీచరమ్మ మంచం మీదినుంచే కిటికీలోంచి చెయ్యి చాపి ప్యాకెట్ అందుకుంది. మెయిన్ రోడ్డు పక్క ఇల్లు. కిటికీ ఊచలు నల్లగా ఉన్నాయి.

"మీ ఆవిడకెంత మంచి మనసో, నీకూ అంతే నాయనా," అంటూ దీవించబోయి దగ్గింది.

అతను జేబులోంచి గుడ్డ తీసి, కిటికీ ఊచలు ఒక్కొక్కటే తుడవడం మొదలుపెట్టాడు. రెండో ఊచ దగ్గర చెయ్యి ఆగిపోయింది. గుడ్డ మడిచి జేబులో పెట్టుకుని, గబగబా డిపో వైపు నడిచాడు.