పెద్దనాన్న క్లారినెట్‌ను చిన్న ఫైలులో కుక్కిన వైనం

నిప్పు పెట్టకుండా, నీళ్లు పోయకుండా, ఒక్క మీట నొక్కి ఒక మనిషి సంగీతమంతా నాశనం చేయడం ఎలాగో తెలుసుకోవాలంటే నన్ను అడగండి. రాయపూర్ మొత్తంలో ఈ విద్యలో నాకు సాటి లేరు.

మా పెద్దనాన్న రైల్వేలో గార్డు. శ్రీకాకుళం నుంచి వచ్చి రాయపూర్‌లోని గుఢియారీలో ఇల్లు కట్టుకున్నాడు. ఇంట్లో మాట తక్కువ, క్లారినెట్ ఎక్కువ. డ్యూటీ దిగి బూట్లు విప్పకముందే ఊదడం మొదలుపెట్టేవాడు. పక్కింటి సాహూజీ తబలా పట్టుకొచ్చేవాడు. పెద్దనాన్న పోవడానికి కొంతకాలం ముందు, మా ఆఫీసు రికార్డరు తీసుకెళ్లి ఒక కచేరీ మొత్తం రికార్డు చేశాను. ఆయన వాయించినదంతా చివరికి అందులోనే మిగిలింది.

సంవత్సరీకం దగ్గర పడింది. పెద్దమ్మ కబురు పెడితే వెళ్లాను.

"ఒరే బాబూ, ఆ బాజా నా ఫోన్లో పెట్టరా. ఆ రోజు అందరికీ ఇనిపిస్తాను. ఆ మంగళం ఒక్కపాలి ఇంటే మనసు కుదుటపడతాది."

"ఓస్, అదెంత పని పెద్దమ్మా!"

"జాగర్తరా. మళ్లీ ఊదడానికి ఆయన లేరు."

పెద్దమ్మది చిన్న ఫోను. రికార్డింగేమో దానిలో పట్టనంత పెద్దది. పరుపును చేతిసంచిలో కూరినట్టే. అయితే నేను సామాన్యుణ్ణా? హిందీ దినపత్రిక రిపోర్టర్ని! నాయకుల ఇంటర్వ్యూలను రోజూ ఏఎంఆర్ అనే బుల్లి ఫైలుగా మార్చి డెస్కుకు పంపేవాణ్ణి. అది మొబైల్లో మాటల కోసమే పుట్టిన ఫైలు. మనిషి గొంతును భద్రంగా పట్టుకుంటుంది, మిగతా శబ్దాన్ని దండగ కింద లెక్కేస్తుంది. నాయకులకు అంతకంటే ఏం కావాలి? కొందరికి అదీ ఎక్కువే.

మార్చి పంపగానే అసలుది చెరిపేయడం మా ఆఫీసు అలవాటు. లేకపోతే రికార్డరులో మర్నాటి నాయకుడికి చోటుండదు. ఆ అలవాటు నా వేళ్లకు పట్టేసింది. పెద్దనాన్న కచేరీని మార్చాను. మొదటి అరనిమిషం విన్నాను. సాహూజీతో పెద్దనాన్న మాట్లాడుతున్నాడు. ఎదురుగా కూర్చున్నట్టే ఉంది. శభాష్ అని నా భుజం నేనే తట్టుకుని అసలుది చెరిపేశాను. ఆ అరనిమిషంలో క్లారినెట్ ఇంకా పెట్టెలోంచి బయటికే రాలేదన్న సంగతి నాకు తట్టలేదు. మీరు అప్పుడే నవ్వకండి.

సంవత్సరీకం నాడు భోజనాలయ్యాక పెద్దమ్మ ఫోను మధ్యలో పెట్టింది. అందరూ చుట్టూ చేరారు. పెద్దమ్మ కొంగు సర్దుకుని, కళ్లు మూసుకుంది.

మొదట్లోని మాటలు దాటించి నేను నేరుగా పాట దగ్గర పెట్టాను. క్లారినెట్ మొదలైంది. నీళ్ల బకెట్లో పడిన తుమ్మెద ప్రాణం కోసం కొట్టుకుంటున్నట్టుంది. మధ్యలో జలుబు చేసిన మేక. పైస్థాయికి వెళ్లేసరికి అదీ ఆగి, గరగరమని ఖాళీ.

సాహూజీ ముందుకు వంగాడు. "అరే భయ్యా, యే క్యా హై? మిక్సీ చల్ రహీ హై క్యా?"

"క్లారినెట్ సాహూజీ."

"ఔర్ మేరా తబలా?"

"ఆ టపటప..."

"వో? మైనే సోచా ఛత్ టపక్ రహీ హై!" ఇంటికప్పు కారుతోందనుకున్నాడట.

నవ్వాపుకోలేక ఒకరిద్దరు లేచి బయటికి వెళ్లారు. పెద్దమ్మ మాత్రం కళ్లు తెరిచి నన్నే చూసింది.

"మంచిది ఇంకోటి ఉందికదరా నీకాడ?"

నేను ఫోను శబ్దం తగ్గించబోయాను.

"సెప్పరా. ఉందా?"

"లేదు పెద్దమ్మా. చెరిపేశాను."

ఆమె తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు అన్నం అరిగేది. ఫోను ఆపడానికి చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడే పాట ముగిసి, ఆ బుల్లి ఫైలులోంచి పెద్దనాన్న గొంతు గంటలా మోగింది.

"ఏటే, టీ పెట్టినావా లేదా?"

పెద్దమ్మ చెయ్యి గాలిలోనే ఆగింది. ఆ గొంతులో ఆయాసం కూడా అలాగే ఉంది. ఆ తర్వాత మళ్లీ తుమ్మెద మొదలైంది.

"అదొక్కటీ మళ్లీ ఎయ్యి" అంది పెద్దమ్మ. వేశాను. మళ్లీ వేయమంది. నాలుగైదు సార్లు విన్నాక ముక్కు తుడుచుకుంది.

"బతికున్నన్నాళ్లూ ఆ గొట్టం మాటున దాక్కున్నారు. దాన్ని నువ్వు మింగేసినావు. ఆ ముక్కైనా నాకు మోగేలా పెట్టు."

అలా ఆ మాట ఆమె రింగ్‌టోన్ అయింది. ఇప్పుడు నేను ఎప్పుడు ఫోన్ చేసినా గుఢియారీలో పెద్దనాన్న టీ అడుగుతాడు. పెద్దమ్మ ఫోనెత్తి హలో అనదు. "పెడతన్నాను, ఉండండి" అంటుంది. ఆ తర్వాతే నేనని గుర్తుకొచ్చి, "నువ్వేట్రా" అని నిట్టూరుస్తుంది.

కనుక మహాజనులారా, రాయపూర్ నడిబొడ్డున నిలబడి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి శబ్దాన్నీ తొందరపడి కుదించను. మా ఆవిడ తన గురకను రికార్డు చేసి ఇచ్చినా సరే, చివరి గుర్రు దాకా వినకుండా అసలుది చెరపను.