ఆరో తరం గోంగూర

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. పక్కింటి మాస్టారు కోవిడ్‌తో ఆసుపత్రిలో పోయారని వాళ్ళమ్మాయి కంచె అవతల నిలబడి చెప్పిన రోజున అయితే నాలుగు పేజీలు రాసేవాణ్ణి. ఆ తర్వాత సంగతి తెలిసి కలం మూసేశాను.

మాస్టారు బోటనీ చెప్పి రిటైరై, ఇక్కడ ఐర్లండ్‌లోని లూకన్‌లో కూతురి దగ్గర ఉండేవారు. నేను బడి మధ్యలో మానేసి, దొరికిన పుస్తకమల్లా చదువుకున్నవాణ్ణి. రోజూ సాయంత్రం నాకు ఆయన పెరడే కాలేజీ. అక్కడ గోంగూర వేసి, ఇక్కడి చలికి తట్టుకున్న మొక్కల గింజలే ఏటా మళ్ళీ వేస్తున్నానని చెప్పేవారు.

"లోకం ఉన్నట్టుండి మారితే చాలామట్టుకు చచ్చిపోతాయయ్యా. తట్టుకునేవి నాలుగుండి, పోయేవాటికన్నా వేగంగా వాటి సంతానం పెరిగిందా, జాతి నిలుస్తుంది. లేదా, అంతే."

"మరి మనమో, మాస్టారూ?"

"మనకంత టైం లేదు. ముందా మాస్కు ముక్కు మీదకి లాక్కో."

కోవిడ్‌కి ముందు ఒక అక్టోబరులో, రాత్రికి మంచు పడుతుందంటే జాలేసి ఆయన మొక్కలన్నిటి మీదా బకెట్లు బోర్లించాను. చాలకపోతే ఎదురింటి ఐరిష్ ముసలావిడ రెండిచ్చి "గ్రాండ్" అంది. ఆవిడకి అన్నీ గ్రాండే, వానతో సహా. మాస్టారు మాత్రం కడిగేశారు.

"అన్నిటినీ బతికించావు! ఇక గట్టిదేదో నాకెలా తెలుస్తుందయ్యా?"

వారం రోజులు ఆయన ముఖం చూడలేకపోయాను.

ఆసుపత్రికి వెళ్ళే ముందు, పార చివర ఒక గింజల కవరు పెట్టి కంచె మీదుగా అందించారు. పైన ఆయన చేతిరాత: 'ఆరో తరం'.

కర్మ అయ్యాక వాళ్ళమ్మాయితో ఆ మాటే అన్నాను, ఆరో తరం నా దగ్గర భద్రంగా ఉందమ్మా అని. ఆమె తెల్లబోయింది.

"అంకుల్, నాన్న మీకు చెప్పలేదా? మొదటి ఏడాదే చలికి అన్నీ పోయాయి. గింజే కట్టలేదు. ఎవ్రీ మార్చ్ ఇండియన్ షాపులో కొత్త ప్యాకెట్ నేనే తెచ్చేదాన్ని. మీరంత ఇష్టంగా వింటుంటే చెప్పలేకపోయారు."

వంటింటి ప్రెస్సు తెరిచి (ఇక్కడ అలమరని అలాగే అంటారు) సగం వాడిన ప్యాకెట్ చూపించింది.

షాపు గింజల కోసం నన్ను నిలబెట్టి తిట్టాడా పెద్దమనిషి! ఇన్నేళ్ళలో ఆ మొక్కలకి ఒక్క కాయైనా చూశానా అని నేనూ ఆలోచించలేదు, నిజమే. అయినా దగా దగానే. ఆయన చెప్పిన సూత్రంలో తప్పు లేదు, పుస్తకాలు తిరగేశాను. ఆయన పెరట్లో మాత్రం చలే గెలిచింది.

కోపంగానే ఈ వసంతంలో ఆ కవరులో గింజలన్నీ వేశాను. పన్నెండు మొలిచాయి. నిన్న తెల్లవారేసరికి మంచు పడి, పదకొండు నల్లబడి వాలిపోయాయి. ఒకటి నిలబడి ఉంది.

దాని మీద బకెట్టు బోర్లించి లోపలికి వచ్చాను.