వేయించిన హాప్ పూలు

ఆ రోజుల్లో ప్రతి శుక్రవారం డైరీలో రెండు సంగతులు తప్పకుండా రాసేవాణ్ణి: ఆరాధనలో ఏ బైబిలు వాక్యం చదివారు, బావకు ఏ వాసనైనా తెలిసిందా. రెండోదానికి ‘లేదు’ అని రాసి రాసి, చివరికి ఒక గీత గీసి ఊరుకునేవాణ్ణి.

బావ అంటే మా అక్క భర్త. గోదావరి జిల్లా నుంచి నాకంటే ముందే ఖతర్ వచ్చి, మెసైమీర్‌లో ఒక ఇంగ్లీషు ఇంజనీరు ఇంట్లో వంటకు కుదిరాడు. నేను ఒక కంపెనీలో గుమాస్తాను, ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో గది. తొంభైల మధ్యలో ఒక చలికాలం బావకు గట్టి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గుతూ వాసన తెలియడాన్ని కూడా పట్టుకుపోయింది. ఉప్పు, పులుపు, చేదు నాలుకకు అందేవి. అంతకు మించి ఏమీ లేదు. కొందరికి తిరిగి వస్తుంది, కొందరికి రాదు అన్నాడు డాక్టరు.

వాసన తెలియని వంటవాణ్ణి ఎవరు ఉంచుకుంటారు? అందుకే ఆ సంగతి ఇంజనీరు దగ్గర దాచాడు. అక్కడ వారాంతపు సెలవు శుక్రవారం. ఆ రోజు ఆరాధన అయ్యాక నేను వెళ్ళి పొయ్యి పక్కన నిలబడేవాణ్ణి. అల్లం వెల్లుల్లి వేగుతుంటే “పచ్చి వాసన పోయిందేమో చూడరా” అనేవాడు. పోయిందంటే నీళ్ళు పోసేవాడు. మిగతా రోజులు గడియారాన్ని నమ్ముకుని వండేవాడు.

ఇంజనీరు తన వంటగదిలోనే బీరు కాచుకునేవాడు. పేల్ ఏల్ అంటారు, తేనె రంగులో ఉంటుంది. ఆ దేశంలో అది నేరం, బయటికి పొక్కితే అందరం విమానం ఎక్కాల్సిందే కనుక గేటు దాటాక ఆ మాట ఎత్తేవాళ్ళం కాదు. మొలకెత్తిన బార్లీతో చేసిన మాల్ట్ పాకాన్ని నీళ్ళలో కలిపి గంటసేపు మరిగిస్తారు. అందులో ఎండిన హాప్ పూలు వేస్తారు. మొదట్లో వేసినవి చేదునిస్తాయి, దించేముందు వేసినవి వాసననిస్తాయి. చల్లారాక ఈస్ట్ కలిపి, ఏసీ గదిలో డ్రమ్ములో పులియబెడతారు.

ఆయన ఎప్పుడూ వాడేది తన ప్రాంతంలో పండే రకమే. ఆ వేసవి సెలవు నుంచి వస్తూ, తానెన్నడూ ముట్టని అమెరికా రకాలు మూడు తెచ్చాడు. ఒకటి కాస్కేడ్, ఒకటి చినూక్, మూడోదానికి ఇంకా పేరు పెట్టలేదు, పొట్లం మీద నంబరే ఉంది. పాకం అదే, ఈస్ట్ అదే, పూలు మాత్రం మార్చి మూడుసార్లు కాచి చూద్దామన్నాడు. ఆ పద్ధతి నాకు నచ్చింది.

మొదటి పొట్లం కత్తిరించగానే గుమ్మంలో ఉన్న నాకు వాసన గుప్పుమని కొట్టింది. బావ అందులో ముఖం పెట్టి ఊపిరి పీల్చాడు. ఇంజనీరు ఆయన వంకే చూస్తున్నాడు.

“వెరీ నైస్ సార్” అన్నాడు బావ. ఆ నవ్వు చెదరనీయకుండానే నాతో తెలుగులో, “దేని వాసనరా?” అన్నాడు.

“పంపర పనస తొక్క.”

“పంపర పనస సార్” అన్నాడు బావ ధీమాగా. ఆ దొరకు అదేమిటో తెలియదు. బావ రెండు చేతులతో గుండ్రంగా చూపిస్తే, ఫుట్‌బాలా అని అడిగాడు. ముగ్గురం నవ్వాం. రెండో రకం కొత్తగా రంపం పెట్టిన దేవదారు చెక్క వాసన వేసింది. అదీ నేను బావకు చెప్పాను, బావ ఇంజనీరుకు చెప్పాడు.

తనకు వాసన తిరిగి వచ్చేదుంటే ఇంత ఘాటైనదానితోనే వస్తుందని బావ పట్టుకున్నాడు. చొక్కా జేబులో నాలుగు పూలు వేసుకుని, నలుపుకుని వాసన చూసేవాడు. నేను తల తిప్పుకునేవాణ్ణి.

మూడోది కాచే శుక్రవారం ఇంజనీరుకు అల్ రువైస్‌లో డ్యూటీ పడింది. రెండుసార్లు చూశావుగా, నువ్వే కాచు అని బావకు అప్పగించి వెళ్ళాడు. ఆరాధన ముగించుకుని నేను వెళ్ళేసరికి పొగ వసారా దాకా వచ్చింది. లోపల ఒక పొయ్యి మీద పాకం మరుగుతోంది. రెండో పొయ్యి మీద మూకుడు. దాంట్లో నల్లబడిన పూలను బావ గరిటెతో తిప్పుతున్నాడు. పొగకు కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారుతున్నాయి. నేను గ్యాస్ కట్టేశాను.

“ఏంటి బావా ఇది?”

“చారులో వేపపువ్వు మీ అక్క వేయించే కదరా వేస్తుంది. ఉత్తినే వేస్తే పసరు. కమ్మటి వాసన వచ్చాక దించాలి.” మూకుడు మీదికి వంగి, “వస్తుందేమోనని చూస్తన్నాను” అన్నాడు.

కిటికీలన్నీ తెరిచాం. అయినా సాయంత్రం ఇంజనీరు తలుపు తీస్తూనే ఆగిపోయాడు. మూకుడు చూశాడు, బావను చూశాడు. ఎప్పటి నుంచి అని అడిగాడు.

“ఫీవర్ టైమ్ సార్. స్మెల్ మాఫీ.” అరబ్బీలో మాఫీ అంటే లేదు అని.

ఆయన కోప్పడలేదు. గ్యాస్ బండ వైపు చెయ్యి చూపించి, అది లీకైతే నీకెలా తెలుస్తుంది అని మెల్లగా అడిగాడు. బావ వెళ్ళి బండ రెగ్యులేటరు కట్టేశాడు. తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేవాడే. ఆ రోజుతో బావ పొయ్యి వెలిగించడం ఆగిపోయింది. వేరే ఇంట్లో వంటకు కుదరడానికి ఆయనకే ధైర్యం చాలలేదు. వీసా రద్దు చేసుకుని ఇంటికి పోతానన్నాడు. వాసన చివరిదాకా తిరిగి రానేలేదు.

మాడిన పూలను కూడా ఇంజనీరు ఆ పాకంలోనే వేసి మరిగించాడు. మొదలుపెట్టింది పూర్తి చేయాలన్నాడు. బావ వెళ్ళిపోయే ముందటి శుక్రవారం మూడు రకాల సీసాలూ తెరిచి ముగ్గురం కూర్చున్నాం. మొదటి రెండింటినీ ఇంజనీరు కళ్ళు మూసుకుని చప్పరించాడు. మూడోది ఒక్క గుక్క తాగి పక్కన పెట్టేశాడు. నేనూ అంతే. బావ మాత్రం ముందటి రెండూ తాగినట్టే, తొందర లేకుండా తాగుతున్నాడు.

“ఇదెలా ఉందిరా మీకు?”

“చేదు బావా. ఇంకేం లేదు.”

“ఇంకేం లేదా?”

“లేదు.”

“నాకు మూడూ అంతే. మీ అక్క పంపిన ఆవకాయా అంతే” అన్నాడు. ఇంజనీరుకు తెలుగు రాదు, ఏమన్నాడని నన్ను అడిగాడు. బావ తన గ్లాసు ఖాళీ చేసి, నేను వదిలేసింది కూడా తన ముందుకు జరుపుకున్నాడు.