గడప దాటిన దోశపెనం

మనవరాలు జర్మనీకి పోయేటప్పుడు సంచులు సర్దింది నేనే. ఇక్కడి కాలేజీ పిల్లలు అక్కడికి, అక్కడివాళ్లు ఇక్కడికి మారి ఆరు నెలలు చదువుకునే ఏర్పాటట. అన్నాళ్లు ఆ పిల్ల బయటి తిండి తింటుందంటే నాకు మనసొప్పలేదు. పప్పుల పొడి, వేయించిన రాగిపిండి, మురుకులు, ఎండబెట్టి వేయించిన సుండకాయలు, అవే ఉస్తికాయలు, నిమ్మకాయ ఊరగాయ పెట్టాను. అన్నిటికీ అడుగున మా ఇనుప దోశపెనం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నూనె పట్టించి పదును చేసుకున్నది.

"ఆడ పెనాలుండవా అవ్వా?" అంది పాప.

"ఉంటాయి. వాటిమీద దోశ లేవదు."

"దీని బరువుకి ఫ్లైటే లేవదు."

"లేవకపోతే ఇంట్లోనే ఉండు."

నవ్వింది. నేను నవ్వలేదు, ఆ మాట నిజంగానే అన్నాను గనక.

విమానాశ్రయంలో మమ్మల్ని అద్దాల తలుపు దాటనివ్వలేదు. కాసేపటికి పాప ఒక సంచి ఈడ్చుకుంటూ తలుపు దగ్గరికే వచ్చింది. "తూకం మించిపోయిందవ్వా. సీక్కిరం పట్టుకోండి, నేను లైన్లో నిలబడాల," అని వాళ్ల నాన్న చేతికిచ్చి వెనక్కి పరిగెత్తింది. నేను కట్టిందంతా ఆ సంచిలోనే ఉంది. రెండు జతల బూట్లు మాత్రం పాపతో పోయాయి.

మా ఇళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ప్రయాణానికి కట్టిన మూట గడప దాటాక, పోయినవాళ్లు తిరిగి వచ్చేవరకు లోపలికి రాకూడదు. అందులోని తిండి దారిలో ఉన్నవాళ్లు తినాలి గాని ఇంట్లో కూర్చున్నవాళ్లు తినకూడదు. మా అత్తగారు అట్లా నడిపించారు, నేనూ అట్లాగే నడిపిస్తున్నాను. సంచిని వీధి తిన్నె మీద, వాన తగలని మూల పెట్టించాను.

కొడుకూ కోడలూ పొద్దున్నే మిల్లుకు పోతే దీపాలు పెట్టాకే రావడం. మధ్యాహ్నం నా ఎదుట పళ్ళెం పెట్టుకునేది పాప ఒక్కతే. ఈ తమిళ ఊళ్లో పుట్టి పెరిగినా, ఇంట్లో మన తెలుగు తమిళం కలపకుండా మాట్లాడాలని చూసేదీ తనే. తప్పి 'సీక్కిరం' అంటే, 'తొందరగా' అను అని నేను దిద్దేదాన్ని. ఇప్పుడు దిద్దడానికి ఎవరూ లేరు. అన్నం పెట్టుకుని కూర్చుంటే కిటికీలోంచి తిన్నె మీది సంచి కనపడేది. రెండు ముద్దలు తిని లేచేదాన్ని.

కొన్నాళ్లకు మురుకులు కనరు వాసన పట్టబోతున్నాయని తెలిసింది. తినకూడదు, పారేయకూడదు. నా చేతిమీదుగా తిండి ఎప్పుడూ కుప్పతొట్టికి పోలేదు. ఆలోచించి, ఒక డబ్బాలో మురుకులు, ఇంకో డబ్బాలో ఇంట్లో వండిన అన్నం, మూటలోని పొడి వేసుకుని, ఆడవాళ్లకు టిక్కెట్టు లేని టౌను బస్సెక్కాను. బస్సు పోదనూరు వరకు పోతుంది. ఇల్లు వదిలి బస్సెక్కితే ప్రయాణమే గదా. రైలు స్టేషను బయట బెంచీ మీద కూర్చుని తిన్నాను. చుట్టూ అందరూ ఎక్కడికో పోతున్నవాళ్లే. నన్నెవరూ ఏమీ అడగలేదు.

అప్పటినుంచి తరచూ పోయేదాన్ని. ఒకరోజు అక్కడుండగా పాప ఫోను చేసింది.

"యాడుండావవ్వా? ఒకటే హారన్లు."

"పోదనూరు."

"ఆడెవురుండారు మనకి?"

"ఎవురూ లేరు."

"మరెందుకు పోతివి?"

"తినేదానికి. నీ మూటలో తిండి ఇంట్లో తినకూడదు గదా."

పాప పగలబడి నవ్వింది.

"నేనూ ఒక్కదాన్నే తింటా ఉండానవ్వా. రూములో."

"ఏం తింటా ఉండావు?"

"బ్రెడ్డు."

"బూట్లు ఒక జత తగ్గించుకునుంటే పొడన్నా ఉండేది."

"ఇట్లా తిట్టేదానికీ ఈడెవురూ లేరు," అంది. క్లాసుకు టైమైందని తనే పెట్టేసింది. మిగిలిన అన్నం మెల్లగా తిని, తర్వాతి బస్సుకు ఇంటికి వచ్చాను.

పొడి అయిపోయింది. మజ్జిగలో కలుపుకుని తాగిన పిండి, సుండకాయలు, ఊరగాయ కూడా అయిపోయాయి. సంచిలో ఇప్పుడు పెనం ఒక్కటే ఉంది. దాన్ని బస్సులో తీసుకుపోయి తినలేను గదా. పోదనూరు పోయే పని కూడా లేకుండా పోయింది.

మొన్న కొడుకు కొత్త పెనం కొనుక్కొచ్చాడు, నల్లపూత ఉన్నది. "ఇంకా ఎన్నాళ్లు దోశ లేకుండా ఉంటావమ్మా? పోనీ, ఆ పాతదే లోపలికి తెచ్చుకో. ఎవురు చూస్తారు?" అన్నాడు.

"పాప రానీ," అన్నాను.

కొత్తదాని మీద వాళ్లిద్దరూ వేసుకుంటున్నారు. వానాకాలం గాలికి ఇనుము తుప్పు పడుతుంది. అందుకని మధ్యాహ్నం అన్నం తిన్నాక తిన్నె మీద కూర్చుని, పెనం బయటికి తీసి, గుడ్డతో నూనె రాసి, మళ్లీ సంచిలో పెట్టి కడుతున్నాను.